ఎమెరిన్ తీసేసినా పురుగు చలాకీగానే ఉంది. నా రెండు నెలల పని గంగపాలేనా?

తడిసిన_పెట్రి
కడుపు మండి రాస్తున్నా. పీహెచ్‌డీ రెండో ఏడు నాకు. మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ పురుగు పిండాల్లో కేంద్రక త్వచం (కణ కేంద్రకాన్ని చుట్టి ఉండే పొర) ప్రోటీన్ల మీద పని. ఎమెరిన్ అనే ప్రోటీన్ లేకపోతే మనుషుల్లో కండరాలు క్షీణించే జబ్బు వస్తుంది. ఆ జన్యువు 1994లోనే దొరికింది. పురుగులోనూ అదే ఉంది, ఈఎంఆర్-1 అంటారు. ఆర్‌ఎన్‌ఏఐతో (జన్యువు నోరు నొక్కే పద్ధతి, అందుకు తయారుచేసిన బ్యాక్టీరియాని పురుగుకి తినిపిస్తాం) దాన్ని ఆపితే పిండాలు ఏదో ఒక గోల చేస్తాయని ఆశపడ్డా. రెండు నెలలు ఇదే పని: ఎల్4 (చివరి పిల్ల దశ) పురుగుల్ని బ్యాక్టీరియా ప్లేట్ల మీద వేయడం, గుడ్లు లెక్కపెట్టడం, పొదిగినవి లెక్కపెట్టడం. ఏ జన్యువునీ ఆపని ఖాళీ వెక్టర్ ప్లేటుకీ (అదే కంట్రోల్) దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. పుట్టాయి, తిన్నాయి, పాకాయి, మళ్లీ గుడ్లు పెట్టాయి. ఆర్‌ఎన్‌ఏఐ పని చేయలేదేమో అనుకుని ఎమెరిన్‌కి అంటుకునే యాంటీబాడీ వేసి చూశా. ప్రోటీన్ నిజంగానే పోయింది!

గైడ్ చూసి "అయితే దానికి పనేమీ లేదన్నమాట" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. అంతేనా? మనిషిని మంచాన పడేసే ప్రోటీన్‌కి పురుగులో పనే లేదా?

ఈగల_పార్టీ
పురుగుల్ని వదిలి ఈగల దగ్గరకు వచ్చేయ్ తమ్ముడూ. మా దగ్గర ఏదైనా పీకితే కనీసం కళ్ల రంగైనా మారుతుంది.

కోడ్_కూలీ
నాకు బయాలజీ రాదు కానీ ఈ బాధ తెలుసు. ఒక ఫైల్ డిలీట్ చేశాక కూడా యాప్ హాయిగా నడిచిందంటే ఆ ఫైల్ కాపీ ఇంకోటి ఎక్కడో ఉందని.

ప్లాటినం_తీగ
కోడ్_కూలీ గారు బయాలజీ రాదంటూనే సగం చెప్పేశారు.

పెట్రి, నువ్వు తప్పేమీ చేయలేదు. నీకు వచ్చిందే సరైన ఫలితం. జెరూసలేంలో యోసెఫ్ గ్రూయెన్‌బామ్, బాల్టిమోర్‌లో కేథరిన్ విల్సన్ బృందాలు కలిసి ఈ పని చేసి చాలా ఏళ్లయింది. ఎమెరిన్ ఒక్కదాన్నే ఆపితే ఏమీ కాలేదు. దానికి చుట్టం ఇంకోటి ఉంది, లెమ్-2. 2003 పేపర్లో మ్యాన్1 అని రాసి ఉంటుంది, కంగారు పడకు, తర్వాత పేరు మార్చారు. దాన్ని 90 శాతం దాకా తగ్గిస్తే నూటికి 15 పిండాలు చచ్చాయి. రెండింటినీ కలిపి ఆపితే? మొత్తం పోయాయి, దాదాపు 100 కణాల దశలో.

ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు. ఒకావిడ పుట్టింటికి వెళ్తే వంట ఆగదు. ఇద్దరూ ఒకేసారి వెళ్లిన రోజున పొయ్యి వెలగదు. నువ్వు ఒకావిడని పంపించి "ఈమెకి పనే లేదు" అంటున్నావు.

తడిసిన_పెట్రి
అక్కా, ఈ ముక్క రెండు నెలల ముందు తెలిస్తే ఎంత బాగుండేది.

ప్లాటినం_తీగ
పేపర్ చదివితే తెలిసేది.

ఈగల_పార్టీ
అబ్బా. చెంప పగిలింది.

అనకాపల్లి_బెల్లం
ఎమ్మెస్సీ చదువుతున్నా, తెలియక అడుగుతున్నా. ఆ 100 కణాల దగ్గర అసలు ఏమవుతుంది? పిండం ఆగిపోయింది అంటే సరిపోదు కదా, లోపల ఏం కనిపిస్తుంది?

ప్లాటినం_తీగ
మంచి ప్రశ్న. హిస్టోన్‌కి (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్) జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ తగిలించిన పురుగు రకం తీసుకుని, విభజన జరుగుతుండగా చూడాలి. మామూలుగా అనాఫేజ్‌లో క్రోమోజోములు రెండు పలకల్లా విడిపోయి చెరో పక్కకు వెళ్తాయి, మధ్యలో నల్లగా ఖాళీ. ఈ పిండాల్లో ఆ మధ్యన ఒక మెరిసే దారం మిగిలిపోతుంది. రెండు పక్కలా లాగుతున్నా తెగదు. దాన్నే బ్రిడ్జి అంటాం.

అనకాపల్లి_బెల్లం
అంటే తీగపాకం! వేలికి వేలికి మధ్య సాగి తెగకుండా ఉంటుందే, అది. మా ఇంట్లో నాలుగు తరాలుగా ఇదే పరీక్ష.

ప్లాటినం_తీగ
సరిగ్గా అదే. ఇక నుంచి నేనూ ఇదే వాడతా.

రిటైర్డ్_జువాలజీ
ఇక్కడ నాకో సందేహం. 34 ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు చెప్పాను: విభజన మొదటి దశైన ప్రొఫేజ్ చివర కేంద్రక త్వచం కరిగి మాయమవుతుంది, చివరి దశైన టీలోఫేజ్‌లో మళ్లీ ఏర్పడుతుంది. క్రోమోజోములు విడిపోయేటప్పుడు త్వచమే లేనప్పుడు, దాని ప్రోటీన్ లేకపోతే ఆ విభజన చెడటం ఏమిటి? ఇంట్లో లేని మనిషి మీద దొంగతనం మోపినట్టుంది.

ప్లాటినం_తీగ
మాస్టారూ, మీరు చెప్పింది మన కణాలకు సరిపోతుంది. ఈస్ట్‌లో అయితే త్వచం అసలు పోదు, లోపలే విభజన అయిపోతుంది. ఈ పురుగు పిండం మధ్యరకం. త్వచంలోని రంధ్రాల ప్రోటీన్లు ముందే వెళ్లిపోతాయి, ధ్రువాల వైపు కన్నాలు పడి క్రోమోజోముల్ని లాగే దారాలు, మైక్రోట్యూబ్యూల్స్, లోపలికి దూరతాయి. పొర మాత్రం, దానితో పాటు ఎమెరిన్, లెమ్-2, కొంత అనాఫేజ్ దాకా కదురు (ఆ దారాల కట్ట) చుట్టూ పట్టుకునే ఉంటాయి. 2000 సంవత్సరంలో ఇదే బృందం ఈ టైమింగ్ తేల్చింది. అంటే దొంగతనం జరిగినప్పుడు మనిషి ఇంట్లోనే ఉన్నాడు.

ఇంకోటి, త్వచం పోయినా ప్రోటీన్ల పని ముందే మొదలై తర్వాత కూడా సాగుతుంది. లామిన్ అని ఒక అల్లిక ఉంటుంది, త్వచం లోపలి గోడకు నులక మంచంలా. పురుగుకి లామిన్ జన్యువు ఒక్కటే, మనకు మూడు. ఎమెరిన్, లెమ్-2 రెండూ ఆ నులకకు కట్టి ఉంటాయి. మరో చేత్తో బాఫ్ అనే చిన్న ప్రోటీన్‌ని పట్టుకుంటాయి. బాఫ్ నేరుగా డీఎన్‌ఏని పట్టుకుంటుంది. గోడ, గోడకు చెయ్యి, చేతికి బాఫ్, బాఫ్‌కి క్రోమోజోము. విభజన అయ్యాక కొత్త త్వచం కట్టాలన్నా ఈ గొలుసే కావాలి.

రిటైర్డ్_జువాలజీ
ఇప్పుడు అర్థమైంది. నా పాత విద్యార్థులకు 34 బ్యాచ్‌ల క్షమాపణ.

కోడ్_కూలీ
బాఫ్ అంటే ఏంటి? బఫే కాదు కదా.

ప్లాటినం_తీగ
బ్యారియర్ టు ఆటోఇంటిగ్రేషన్ ఫ్యాక్టర్. రెట్రోవైరస్‌ల మీద పనిచేసేవాళ్లు పెట్టిన పేరు. వైరస్ డీఎన్‌ఏ తనలో తనే ఇరుక్కుపోకుండా ఆపుతుందని. దాని అసలు సంసారం కేంద్రకంలో ఉందని తర్వాత తెలిసింది. పెళ్లికి ముందు పెట్టిన ముద్దుపేరు జీవితాంతం మిగిలినట్టు.

ఈగల_పార్టీ
ఇప్పుడు సీరియస్‌గా. బ్రిడ్జిలు కనబడగానే "త్వచం ప్రోటీన్ క్రోమోజోముల్ని నడిపిస్తుంది" అనేయడం నాకు నచ్చదు. చచ్చే పిండం ఏదైనా సరే బ్రిడ్జిలు చూపిస్తుంది. డీఎన్‌ఏ కాపీ పూర్తవకపోతే బ్రిడ్జి. క్రోమోజోముల్ని బిగించి చుట్టే కండెన్సిన్ లేకపోతే బ్రిడ్జి. పైగా మీ పురుగు క్రోమోజోములు అసలే వింత. లాగే దారాలు పట్టుకునే సెంట్రోమియర్ ఒక్క చోట ఉండదు, పొడవునా ఉంటుంది. పొడవునా దారాలు పట్టుకునే చోట కాస్త మెలిక పడితే ఒకే క్రోమోజోముని రెండు పక్కలా లాగేస్తాయి. ఎమెరిన్ పోవడానికీ దారం మిగలడానికీ మధ్య ఏం జరిగిందో చూపించండి ముందు.

ప్లాటినం_తీగ
సగం ఒప్పుకుంటా. ఎమెరిన్, లెమ్-2 పోయినప్పుడు బ్రిడ్జి సరిగ్గా ఎక్కడ పుడుతుంది, కండెన్సేషన్‌లోనా, కాపీలోనా, కొత్త త్వచం కట్టేటప్పుడా, ఇదీ అని వేలు పెట్టి చూపించడం కష్టం. కానీ "చచ్చే ఏ పిండమైనా" అన్నది తప్పు. గొలుసులో ఏ లింకు తీసినా ఒకే రకం జబ్బు వస్తోంది. లామిన్ తీసినా బ్రిడ్జిలు, అసమానంగా పంచుకున్న క్రోమోజోములు. బాఫ్ తీసినా బ్రిడ్జిలు. ఇద్దరు తోడికోడళ్లనీ తీసినా బ్రిడ్జిలు.

పైగా పట్టు ఎంత ముఖ్యమో, వదలడమూ అంతే. విభజనకు ముందు వీఆర్‌కే-1 అనే కైనేజ్ బాఫ్‌కి ఫాస్ఫేట్ అంటించి డీఎన్‌ఏ నుంచి ఊడదీస్తుంది. అది లేకపోతే బాఫ్ క్రోమోజోములను వదలదు, త్వచం వికారంగా తయారవుతుంది. విభజన అయ్యాక ఆ ఫాస్ఫేట్ తీయించేందుకు లెమ్-4 అనే ఇంకో ప్రోటీన్ కావాలి. సమయానికి పట్టుకోవాలి, సమయానికి వదలాలి. ఇది యాదృచ్ఛికం అంటే నేనొప్పుకోను.

ఈగల_పార్టీ
ఒకే దారిలో ఉన్నాయని ఒప్పుకుంటా. ఆ దారి నేరుగా క్రోమోజోముకే వెళ్తుందని మాత్రం ఇంకా ఒప్పుకోను. లామిన్ పోతే కేంద్రకంలో సగం పనులు చెడతాయి.

హబ్సిగూడ_బస్టాప్
మనిషి కణాల్లో బాఫ్ మీద 2017లో వియన్నా నుంచి ఒక పేపర్ వచ్చింది, అది చూడండి ఈగ గారూ. అనాఫేజ్ తర్వాత బాఫ్ క్రోమోజోముల గుత్తి పైభాగాన్నంతా ఒక పెంకులా బిగిస్తుంది. అందుకే త్వచం బయటి అంచు మీదుగానే పరుచుకుని ఒక్క కేంద్రకం అవుతుంది. బాఫ్ లేకపోతే త్వచం క్రోమోజోముల మధ్యకు చొచ్చుకెళ్లి ఒకటికి బదులు చిన్న చిన్న కేంద్రకాలు బోలెడు. ఇక్కడ పని నేరుగా క్రోమోజోముతోనే కదా.

ఈగల_పార్టీ
అది బాగుంది. అది మాత్రం నచ్చింది. కానీ అది ముక్కల కేంద్రకం కథ, బ్రిడ్జి కథ కాదు :)

తడిసిన_పెట్రి
ఇద్దరూ కొట్టుకుంటూ ఉండండి, నేను నోట్స్ రాసుకుంటున్నా. ప్లాటినం అక్కా, రెండు బ్యాక్టీరియాలు కలిపి తినిపిస్తే చాలా?

ప్లాటినం_తీగ
వద్దు. కలిపితే రెండూ పలచబడతాయి, ఏదీ సరిగ్గా పోదు, మళ్లీ ఇక్కడికొచ్చి ఏడుస్తావు. ఈఎంఆర్-1 జన్యువే తీసేసిన రకం పురుగు రకాల్ని దాచి ల్యాబ్‌లకు పంపే మిన్నెసోటా స్టాక్ సెంటర్‌లో ఉంటుంది. అది బతుకుతుంది, గుడ్లు పెడుతుంది. దానికి లెమ్-2 బ్యాక్టీరియా ఒక్కటే పెట్టు.

తడిసిన_పెట్రి
పక్క ల్యాబ్‌లో ఉందట. పార్శిల్ కోసం నెలలు ఎదురుచూసే పని తప్పింది.

రిటైర్డ్_జువాలజీ
ఈ త్వచం–క్రోమోజోము ముచ్చట ఇవాళ్టిది కాదని పిల్లలకు చెప్పాలనిపిస్తోంది. మీరు మిల్లీమీటరు పురుగుతో ఆడుతున్నారు. 1880లలో జర్మనీలో థియోడర్ బొవెరీ గుర్రం పేగుల్లోని ఏలికపాము గుడ్లతో ఆడాడు. ఎందుకంటే దాని క్రోమోజోములు లావుగా, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ఒక రకంలో అయితే ఒక్క జతే! 1887లో ఆయన చూసిందేమిటంటే, శరీర కణాలయ్యే వాటిలో ఆ పెద్ద క్రోమోజోములు ముక్కలై చివరలు పారేయబడతాయి. సంతాన కణాలయ్యే వాటిలో మాత్రం చెక్కు చెదరవు.

మీకు పనికొచ్చేది 1909 నాటిది. ఆ పిండ కణాల కేంద్రకానికి వేళ్లలాంటి బుడిపెలు ఉంటాయి, ఒక్కో బుడిపెలో ఒక్కో క్రోమోజోము చివర. అప్పుడే విడిపోయిన అక్కాచెల్లెళ్ల కణాల్లో ఆ బుడిపెల అమరిక అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా ఉంటుంది. వేరే కణాల్లో వేరుగా ఉంటుంది. అంటే విభజనకూ విభజనకూ మధ్య క్రోమోజోములు కరిగిపోవు, తమ చోట తాము ఉంటాయి అని వాదించాడు. త్వచం ఆకారం చూసి లోపల క్రోమోజోము ఎక్కడుందో చెప్పాడు మహానుభావుడు, రంగునీళ్లు, గాజుపలకలతో.

అనకాపల్లి_బెల్లం
మాస్టారూ, ఏలికపాము అంటే మన బళ్లో నులిపురుగుల రోజున మాత్ర ఇస్తారే, ఆ జాతేనా?

రిటైర్డ్_జువాలజీ
చుట్టమే. ఫిబ్రవరి 10న ఇచ్చే ఆ ఆల్బెండజోల్ మాత్ర కూడా పురుగు ట్యూబ్యులిన్‌ని పట్టుకుని మైక్రోట్యూబ్యూల్స్ కట్టనివ్వదు. ఏ దారాలు క్రోమోజోముల్ని లాగుతాయో ఆ దారాలే.

కోడ్_కూలీ
ఇన్నేళ్లు చప్పరించి మింగింది ఇంత పెద్ద విషయమా.

గోదారి_గట్టు
నేను మీలా చదువుకున్నదాన్ని కాదు. ఎమెరిన్ అని వెతికితే ఈ చర్చ దొరికింది. మా పెద్దమ్మ కొడుక్కి అదే జబ్బు. చిన్నప్పటి నుంచి మోచేతులు పూర్తిగా చాపలేడు, మునివేళ్ల మీద నడిచేవాడు. ఊళ్లో పిల్లలు కొంగ అని పిలిచేవాళ్లు. 27 ఏళ్లకు ఒకరోజు కళ్లు తిరిగి పడిపోతే, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని పేస్‌మేకర్ పెట్టారు. తర్వాత జన్యు పరీక్షలో ఎమెరిన్ లోపం అని తేలింది. పెద్దమ్మది మేనరికం. ఊరంతా అందుకే అన్నారు, ఆవిడా అదే నమ్మి పదేళ్లుగా తనని తాను తిట్టుకుంటోంది. ఈ పురుగుల పనితో మా వాడికి ఏమైనా ఒరుగుతుందా అన్నది తర్వాత. ముందు ఇది చెప్పండి, మేనరికం వల్లేనా?

ప్లాటినం_తీగ
కాదమ్మా. మనుషుల్లో ఎమెరిన్ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, తండ్రి ఇచ్చేది వై. కాబట్టి మీ పెద్దమ్మ మేనమామను చేసుకున్నా, ముక్కూ మొహం తెలియని వాణ్ని చేసుకున్నా ఆ అబ్బాయి విషయంలో తేడా ఉండేది కాదు. మేనరికంతో వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి, ఇది ఆ కోవలోది కాదు. తల్లి తప్పు కూడా కాదు. ఎవరు ఏ కాపీ ఇస్తారో ఎవరూ ఎంచుకోరు. ఆవిడకు ఈ ముక్క ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

ఈగల_పార్టీ
ఇంకో మాట, ఈసారి వేళాకోళం కాదు. ఆ అబ్బాయికి అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లు క్యారియర్లు (చెడిన కాపీ ఒకటి మోసేవాళ్లు) కావచ్చు. కండరాలు బాగానే ఉన్నా కొందరికి గుండె లయ చెడుతుంది. ఒకసారి గుండె డాక్టర్‌కీ, జన్యు సలహా ఇచ్చేవాళ్లకీ చూపించండి.

గోదారి_గట్టు
ఒక చెల్లెలు ఉంది. చూపిస్తాం. పెద్దమ్మకు చెప్పాను. నమ్మలేదు, కానీ రెండుసార్లు అడిగించుకుంది. చాలా థ్యాంక్స్.

హబ్సిగూడ_బస్టాప్
మీరు అడిగిన రెండో ప్రశ్నకి. ఇదే కండర జబ్బు లామిన్ పాడైనా వస్తుంది, అది 1999లో తెలిసింది. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో వీణా పర్నాయక్ గారు ఏళ్ల తరబడి లామిన్ల మీదే పనిచేశారు.

పురుగుల్లో బాసెల్‌లోని సూజన్ గాసర్ బృందం చేసిన పని మీకు ఆసక్తిగా ఉంటుంది. రోగుల్లో కనిపించే లామిన్ మార్పునే పురుగు లామిన్‌లో పెట్టారు. పురుగు కండరాలు దెబ్బతిన్నాయి. లోపల చూస్తే, కండర కణం తయారయ్యేటప్పుడు గోడ నుంచి ఊడి లోపలికి రావాల్సిన డీఎన్‌ఏ గోడకే అతుక్కుని ఉంది. జన్యువు పని చేయాలంటే చాలాసార్లు గోడ దగ్గర నుంచి జరగాలి, గోడ పక్కన ఉన్నది నిద్రపోతుంది. ఆ డీఎన్‌ఏని గోడకు పట్టే ఇంకో ప్రోటీన్ సెక్-4. దాన్ని తీసేస్తే? డీఎన్‌ఏ ఊడింది, కండరాల పని మెరుగైంది. 2020లో వచ్చిన పేపర్.

గోదారి_గట్టు
అంటే మందు వస్తుందా?

హబ్సిగూడ_బస్టాప్
అబద్ధం ఆడను. పురుగులో జరిగిందది. మనిషిలో సెక్-4 లాంటి పని చేసేవి వేరే ఉన్నాయి, వాటిని తీసేస్తే ఇంకేం చెడుతుందో. ఇప్పటికి పేస్‌మేకర్, ఫిజియోథెరపీ, క్రమం తప్పని గుండె పరీక్ష, ఇవే.

అనకాపల్లి_బెల్లం
ఒక్క నిమిషం. సెక్-4 ఒక్కదాన్ని మామూలు పురుగులో తీస్తే ఏమవుతుంది?

హబ్సిగూడ_బస్టాప్
పెట్రి మళ్లీ ఏడుస్తాడు. దాదాపు ఏమీ కాదు :)

కానీ తెలివిగా అడిగితే బయటపడుతుంది. పిండం మొత్తాన్నీ బలవంతంగా కండరంగా మార్చే స్విచ్ నొక్కారు. మామూలు పిండాలు బుద్ధిగా కండరపు ముద్దలై ఆగిపోయాయి. సెక్-4 లేనివాటిలో కొన్ని ఆ మాట వినకుండా వేరే కణజాలాలు కూడా చేసుకుని పొదిగాయి. అంటే "నువ్వు ఇకపై కండరానివే" అన్న నిర్ణయాన్ని నిలబెట్టడంలో గోడకు కట్టేయడానికీ వాటా ఉంది. రోజువారీ జీవితంలో అది కనబడదు.

తడిసిన_పెట్రి
ఏడవను. కానీ ఇంకో కొత్త ఏడుపు. పక్క ల్యాబ్ నుంచి తెచ్చిన ప్లేట్లలో ఒకదాంట్లో మగ పురుగులు కుప్పలుగా ఉన్నాయి. లెక్కపెట్టా, మూడింట ఒక వంతుకు పైనే. మూత మీద రాసింది చెరిగిపోయింది. ఎమెరిన్ లేకపోతే మగవి పుడతాయా?

ప్లాటినం_తీగ
హహ్హ. అది ఎమెరిన్ ప్లేటు కాదు. ఎవరిదో హిమ్-8 రకం పట్టుకొచ్చావు. ఎలిగాన్స్‌లో ఎక్కువగా ఉభయలింగులే, రెండు ఎక్స్‌లు. ఒకే ఎక్స్ ఉంటే మగది. మామూలుగా వెయ్యికి ఒకటో రెండో పుడతాయి. హిమ్-8 చెడితే నూటికి 37 దాకా.

అయినా నువ్వు అనుకోకుండా మన టాపిక్‌లోనే పడ్డావు. హిమ్-8 కూడా క్రోమోజోముని త్వచానికి కట్టే ప్రోటీనే.

కోడ్_కూలీ
ఈ భాగం కొంచెం నాలాంటి వాళ్లకు అర్థమయ్యేలా.

ప్లాటినం_తీగ
పెళ్లి భాషలో చెప్తా. గుడ్డు, వీర్యకణం తయారయ్యే విభజనలో, అమ్మ నుంచి వచ్చిన క్రోమోజోము నాన్న నుంచి వచ్చిన తన జోడీని వెతుక్కోవాలి. ఆరు జతలు, చీకటి గది. ఒక్కో క్రోమోజోముకి ఒక చివర దగ్గర జోడీ కేంద్రం ఉంటుంది. దాన్ని పట్టుకునే పెళ్లిళ్ల పేరయ్యలు నలుగురు. ఎక్స్‌కి హిమ్-8. రెండు, మూడు క్రోమోజోములకు జిమ్-1. ఐదుకి జిమ్-2. ఒకటి, నాలుగుకి జిమ్-3. పేరయ్య క్రోమోజోము చివరని తీసుకెళ్లి త్వచం లోపలి గోడకు ఆనిస్తాడు. గోడలో సన్-1, జిగ్-12 అని రెండు ప్రోటీన్లు లోపలి పొరా బయటి పొరా దాటి చేతులు కలుపుకుని ఉంటాయి. బయట డైనీన్ అనే బండి జిగ్-12ని పట్టుకుని లాగుతుంది. బయట బండి కదిలితే లోపల క్రోమోజోము కదులుతుంది. అలా గోడ వెంబడి ఊరేగుతూ ఒకదానికొకటి తగులుతాయి. ఆ సమయంలో డీఎన్‌ఏ అంతా ఒక పక్కకు జరిగి నెలవంకలా కనిపిస్తుంది.

రిటైర్డ్_జువాలజీ
మనుషులు సగోత్రం వద్దంటారు. ఇవి సగోత్రమే కావాలంటాయి!

ఈగల_పార్టీ
మాస్టారు ఇవాళ ఫామ్‌లో ఉన్నారు.

ప్లాటినం_తీగ
అక్కడే ఉంది మజా. సన్-1లో ఒక్క అమైనో ఆమ్లం మారిన రకం ఉంది, వియన్నాలో వెరీనా యాన్ష్ బృందం దాని మీద పని చేసింది. అందులో క్రోమోజోములు గోత్రం చూడకుండా దొరికినదానితో జిప్ వేసుకుంటాయి. అందుకే చాలామంది నమ్మేదేమిటంటే, ఆ లాగుడు జోడీని కలపడానికే కాదు, పరీక్షించడానికి కూడా. తప్పు జోడీ అయితే లాగితే ఊడిపోతుంది, సరైనదైతే నిలుస్తుంది. లాగేవాళ్లు లేకపోతే పరీక్షా లేదు.

ఈగల_పార్టీ
ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటున్నా. ఇక్కడ త్వచం ప్రోటీన్ నేరుగా క్రోమోజోముని కదిలిస్తోంది, కళ్లముందు కనబడుతోంది. మీ బ్రిడ్జి కథకీ ఇలాంటి సాక్ష్యం తెండి.

హబ్సిగూడ_బస్టాప్
పెళ్లి అయ్యాక కాపురం సంగతి కూడా చెప్పనివ్వండి. వీర్యకణం కేంద్రకం, గుడ్డు కేంద్రకం ఎవరి త్వచంతో వాళ్లు వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి. మొదటి విభజనలో పీఎల్‌కే-1 అనే కైనేజ్ లామిన్‌కి ఫాస్ఫేట్లు అంటించి అల్లికని విప్పాలి. 2020లో పారిస్ వాళ్లు ఆ ఫాస్ఫేట్లు అంటకుండా లామిన్‌ని మార్చారు. మధ్య గోడ పోలేదు. విభజన జరిగింది కానీ పుట్టిన కణాల్లో రెండేసి కేంద్రకాలు, అమ్మ క్రోమోజోములు ఒక దాంట్లో, నాన్నవి ఇంకో దాంట్లో.

కోడ్_కూలీ
ఒకే ఇంట్లో వేరు కాపురం. రెండు పొయ్యిలు.

తడిసిన_పెట్రి
మూడు వారాల తర్వాత అప్‌డేట్. ఈఎంఆర్-1 లేని రకానికి లెమ్-2 బ్యాక్టీరియా పెట్టా. మొదటిసారి ప్లేట్లకు బూజు పట్టింది. రెండోసారి కరెంటు పోయి ఇంక్యుబేటర్ వేడెక్కింది, కంట్రోల్ పిండాలు కూడా చచ్చాయి. మూడోసారి నిన్న రాత్రి ఒంటిగంటన్నరకి చూశా. పొదిగినవి దాదాపు లేవు. చిన్న పిండాలు బాగానే విభజన అవుతున్నాయి. పెద్దవాటికి వచ్చేసరికి ఆ దారం. పాకం. నాలుగు కణాల్లో వరసగా.

అనకాపల్లి_బెల్లం
తీగపాకమా ముదురుపాకమా?

తడిసిన_పెట్రి
తీగే. ఒకటి తెగింది కూడా, ముక్క మధ్యలో వేలాడుతోంది.

ఈగల_పార్టీ
అభినందనలు. ఇప్పుడు ఆ దారంలో కాపీ పూర్తికాని డీఎన్‌ఏ ఉందో లేదో చూడు. లేకపోతే నేను ఓడిపోయినట్టే, టిఫిన్ ఖర్చు నాది.

ప్లాటినం_తీగ
పందెం నేను రాసుకున్నా. గైడ్ ఏమన్నారు?

తడిసిన_పెట్రి
వీడియో మూడుసార్లు చూసి "నేను ముందే చెప్పానుగా" అన్నారు.

రిటైర్డ్_జువాలజీ
అన్ని గైడ్లూ ఒకటే. బాబూ, ఆ వీడియో పంపించగలవా? 34 ఏళ్లు అనాఫేజ్‌ని రంగు సుద్దలతో బోర్డు మీద గీశాను. కదులుతుండగా ఒక్కసారీ చూడలేదు.

తడిసిన_పెట్రి
పంపాను మాస్టారూ, కంట్రోల్‌దీ, పాడైనదీ రెండూ. ముందు కంట్రోల్ చూడండి.

ఇంతకీ ఆ మగవాటి ప్లేటు ఎవరిదో ఇంకా తేలలేదు. అడిగిన ప్రతివాళ్లూ మాది కాదంటున్నారు. రోజూ నేనే మేత పెడుతున్నా.